ట్యాగ్ మీద ‘ఆర్గానిక్’ అని ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: మా పాపకి ఏం వేసినా ఒళ్లు ఎర్రబడుతోందని రెట్టింపు ధర పెట్టి ఆర్గానిక్ కాటన్ గౌన్లు కొన్నాను. మా ఆడపడుచు పట్టుకుని చూసి ‘ఇది మామూలు కాటనే వదినా, నిన్ను ముంచారు’ అంది. నాకూ తేడా తెలియలేదు. మోసపోయానా?

జవాబు: పట్టుకుని చూస్తే ఎవరికీ తెలియదండీ, పత్తి పత్తే. తేడా అంతా చేలో ఉంటుంది. జన్యుమార్పిడి విత్తనం వేయకూడదు, రసాయన ఎరువులు, సింథటిక్ పురుగుమందులు వాడకూడదు. మామూలు చేను ఇలా మారడానికి రెండు మూడేళ్లు పడుతుంది, ఈలోగా దిగుబడి తగ్గినా రైతుకి ఆర్గానిక్ ధర రాదు, రేటు ఎక్కువ ఉండటానికి ఇదీ ఒక కారణం. మందు కొట్టే మనిషికీ, ఆ నేలకీ, నీటికీ జరిగే మేలు మాత్రం నిజం.

ఇక పాప చర్మం సంగతి. మామూలు పత్తి మీద కొట్టిన మందు కూడా బట్టని ఉడికించి బ్లీచ్ చేసేసరికి చాలావరకు పోతుంది. ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి తర్వాత కలిసేవే: కొన్ని రంగులు, ముడతలు పడకుండా పట్టించే ఫార్మాల్డిహైడ్ రెజిన్లు. అంటే పత్తి ఆర్గానిక్‌దే అయినా అద్దకంలో ఇవి కలిస్తే పాపకి ఒరిగేదేమీ లేదు (అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు).

అందుకే ట్యాగ్ మీద ‘గాట్స్’ గుర్తు వెతకండి, గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్ అన్నమాట. ఇది పత్తితో ఆగదు, అద్దకం, మురుగునీరు, కార్మికుల పరిస్థితి కూడా చూస్తుంది. అందులో ‘ఆర్గానిక్’ అని ఉంటే కనీసం 95 శాతం, ‘మేడ్ విత్ ఆర్గానిక్’ అని ఉంటే కనీసం 70 శాతం ఆర్గానిక్ నూలు ఉండాలి. ‘ఓసీఎస్’ (ఆర్గానిక్ కంటెంట్ స్టాండర్డ్) గుర్తు పత్తి లెక్క మాత్రమే చెబుతుంది, రంగుల జోలికి పోదు. ‘ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100’ దీనికి తిరగేసి: తయారైన బట్టలో హానికరమైనవి ఉన్నాయేమో పరీక్షిస్తారు గానీ పత్తి ఆర్గానిక్ అయి ఉండక్కర్లేదు. మీ అవసరానికి ఇదైనా పనికొస్తుంది, ఆర్గానిక్ కాదని కొట్టిపారేయకండి. ‘నేచురల్’, ‘ఎకో’, ఆకు బొమ్మ... వీటిని నమ్ముకోవద్దు.

గాట్స్ గుర్తు పక్కన సర్టిఫై చేసిన సంస్థ పేరు, లైసెన్స్ నంబరు ఉండాలి, ఆ నంబరుని గాట్స్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడొచ్చు. ఇవాళే గౌన్ల ట్యాగ్ తీసి చూడండి. ఏ నంబరూ లేకపోతే మీ ఆడపడుచు మాటే నెగ్గే అవకాశం ఎక్కువ. ఉంటే మాత్రం ఒకసారి ఉతికి తొడగండి, అప్పటికీ ఎర్రబడుతుంటే గౌన్లు మార్చడం ఆపి డాక్టరుకి చూపించండి.