రికార్డు పెడితే సబ్‌వూఫర్ గుర్రుమంటోంది: దుకాణదారుపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది హిమాయత్‌నగర్‌లో అపార్ట్‌మెంట్. నాలుగు నెలల క్రితం ఒకే బిల్లు మీద టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్), సబ్‌వూఫర్ (మంద్ర శబ్దాల స్పీకర్) కొన్నాను. ఫోన్‌లో పాటలు పెడితే బాగానే ఉంటుంది. వినైల్ రికార్డు పెడితే మాత్రం సబ్‌వూఫర్ గుర్రుమంటూ, పాట లేని చోట కూడా దాని కోన్ (స్పీకర్ ముందుండే గరాటు ఆకారపు పొర) లోపలికీ బయటికీ ఊగుతోంది. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లుపైనే ఉందని దుకాణదారు అంటున్నారు. కింది ఫ్లాట్‌వారు పోలీసులకు చెబుతామంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఫోన్ పాటలకు సవ్యంగా పనిచేసే సబ్‌వూఫర్‌లో లోపం ఉందని ఫిర్యాదు చేస్తే అది దాదాపుగా వీగిపోతుంది. మీ వివాదం టర్న్‌టేబుల్‌కు సంబంధించినది. నోటీసు ఇచ్చే ముందు అందులో లోపం ఉందో లేదో తేల్చుకోండి.

మోటారు ఆపి, కదలని రికార్డుపై సూది దించి, వాల్యూమ్ మెల్లగా పెంచండి. అప్పుడే హోరు మొదలై పెరుగుతూ పోతే, సబ్‌వూఫర్ అదురు బల్ల ద్వారానో నేల ద్వారానో తిరిగి సూదికి చేరుతున్నదన్నమాట. అది అమరికలోని దోషమే గనుక, దుకాణంవారే డబ్బు తీసుకుని బిగించి ఉంటే తప్ప వారిని తప్పుపట్టలేము. రికార్డు తిరిగినప్పుడే కోన్ ఊగుతూ, ఆ ఊపు సుమారు 1.8 సెకన్లకు ఒకసారి, అంటే 33⅓ వేగంలో చుట్టుకొకసారి వస్తుంటే, రికార్డు వంకరపోయింది. జుమ్మేరాత్ బజార్ వంటి పాత సామాన్ల సంతలో కొన్న రికార్డుకు టర్న్‌టేబుల్ అమ్మినవారు బాధ్యులు కారు. చదునైన కొత్త రికార్డులకు సైతం ఎడతెగని గుర్రు వినిపిస్తే టర్న్‌టేబుల్ బేరింగును, మోటారును అనుమానించవచ్చు. టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చేయి), కార్ట్రిడ్జ్ (దాని చివర సూది ఉండే భాగం) కలిసిన సహజ కంపనం 8 నుంచి 12 హెర్ట్జ్‌ల మధ్య ఉండాలి. ఆ పరిధి దాటేలా, టోన్‌ఆర్మ్‌తో పొంతన లేని కార్ట్రిడ్జ్‌ను దుకాణంవారే ఎంచి బిగించి ఉంటే, అది సేవాలోపమని వాదించవచ్చు. ఈ పరీక్షలన్నీ వీడియో తీసి, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన ధృవపత్రం సిద్ధంగా ఉంచుకోండి.

లోపం తేలితే బిల్లు మీది ఆ వాక్యానికి బెదరనక్కరలేదు. లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువే లేకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని సొమ్ము చెల్లించడానికి నిరాకరించడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 2(47) సెక్షన్ ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. దుకాణానికీ తయారీదారుకూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, 15 రోజులు వేచి చూడండి. స్పందన లేకపోతే, మీరు నివసించేది ఇక్కడే కనుక, హైదరాబాద్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. వివాద కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువుంది. పరీక్ష లేకుండా లోపం తేలదని కమిషన్ భావిస్తే 38(2) సెక్షన్ కింద వస్తువును ప్రయోగశాలకు పంపుతుంది. ఆ ఖర్చును ముందుగా మీచేత జమ చేయించవచ్చు.

కింది ఫ్లాట్‌వారి మాటను తేలిగ్గా తీసుకోకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. సొంత సౌండ్ సిస్టమ్ శబ్దం ఇంటి హద్దు వద్ద అంతకన్నా 5 డెసిబెల్స్‌కు మించి ఎక్కువ ఉండరాదు. ఈ డెసిబెల్ కొలత సబ్‌వూఫర్ చేసే మంద్ర శబ్దాలను బాగా తగ్గించి చూపుతుంది కనుక మీటరులో అంకె తక్కువే రావచ్చు, కానీ వారి పైకప్పు అదరడం ఆగదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు సబ్‌వూఫర్ ఆపివేయండి. దుకాణానికి పంపే నోటీసులో మాత్రం ఈ గొడవ ప్రస్తావించవద్దు. శబ్దం మితిమీరి పెట్టడం వల్లే ఇలా అవుతోందని ఎదుటి న్యాయవాది వాదించడానికి అది ఆధారమవుతుంది.