గోల్డ్‌ఫిష్ తొట్టెలో నీళ్లు మార్చిన వారానికే మళ్లీ పచ్చబడుతున్నాయి, ఏం చేయాలి?

రెండడుగుల తొట్టె, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, పక్కనే కిటికీ. నీళ్లన్నీ తీసేసి కొత్తవి పోసినా వారం తిరక్కుండా పచ్చబడుతున్నాయి, కొత్త ఫిల్టర్ కొన్నా తేడా లేదు అన్నారు. ముందుగా, నీళ్లన్నీ ఒకేసారి మార్చడం ఇక ఆపేయండి. దానివల్ల నాచు పోదు సరికదా, చేపలు బెదిరి జబ్బు పడతాయి.

ఇల్లు మారాక మాకు తొట్టె పెట్టుకోవడానికి తూర్పు కిటికీ ఎదుట తప్ప చోటు దొరకలేదు. వేసవి వచ్చేసరికి నీళ్లు ఎంత పచ్చబడ్డాయంటే, చేప అద్దానికి ఆనుకుంటే తప్ప కనిపించేది కాదు. ఒక దుకాణంలో పెద్ద ఫిల్టర్ కొనమన్నారు, ఇంకో దుకాణంలో ఏదో మందు సీసా చేతిలో పెట్టారు. చివరికి పని చేసింది చీకటి. దాన్ని నిలబెట్టింది మేత తగ్గించడం.

అది నాచేనని ముందు తేల్చుకోండి. గాజు గ్లాసులో తొట్టె నీళ్లు ముంచి వెనుక తెల్ల కాగితం పెట్టి చూడండి. లేత పచ్చ రంగు కనబడితే నాచు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే అది బ్యాక్టీరియా, దానికి చీకటితో పనిలేదు. రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున మడ్డి పేరుకుని పైన తేటపడితే అది వట్టి దుమ్ము.

ఈ నాచు ఒకే కణంతో బతుకుతుంది. పరిమాణం మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్క, కాబట్టి ఫిల్టర్ స్పాంజిలోంచి నీటితో పాటే దూరిపోతుంది. నీళ్లు మార్చాక రాళ్ల సందుల్లో, పైపుల్లో మిగిలిన కాసింత చాలు, ఎండ, ఎరువు దొరికితే కొద్ది రోజుల్లోనే మళ్లీ తొట్టె నిండుతుంది. ఎండ కిటికీ ఇస్తుంది. ఎరువు మనమే ఇస్తున్నాం: మిగిలిన మేత, చేపల మలం కుళ్లి అమ్మోనియాగా, తర్వాత నైట్రేట్‌గా మారతాయి. మీరు బోరు నీళ్లు వాడుతుంటే వాటిలోనే నైట్రేట్ ఉండవచ్చు, ఒకసారి పరీక్షించండి.

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో రైతులు పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి మరీ నీటిని పచ్చబరుస్తారు. ఆ పచ్చదనం మీద పెరిగే సూక్ష్మజీవులే బొచ్చె చేపకు మేత. కాబట్టి పచ్చనీరు దానంతట అది విషం కాదు, కంగారు పడకండి. ప్రమాదం రాత్రిపూట ఉంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచు చీకటి పడ్డాక తానే దాన్ని పీల్చుకుంటుంది. చెరువుల్లో రైతులు తెల్లవారుజామున నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిప్పేది అందుకే. మీ చేపలు ఉదయాన్నే పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఈ రాత్రి నుంచే గాలి పంపు ఆపకుండా నడపండి.

ఇక చీకటి వైద్యం. మొదట నాలుగో వంతు నీళ్లు మార్చండి. పంపు నీళ్లయితే క్లోరిన్ విరుగుడు కలిపి పోయండి. లైటు తీసేసి, మందపాటి దుప్పటి రెండు మడతలుగా తొట్టె చుట్టూ కప్పండి. అంచులు బట్టల క్లిప్పులతో బిగించండి, ఎందుకంటే బల్ల వైపు నుంచి దూరే సన్నటి వెలుగు కూడా నాచును బతికిస్తుంది. పైన మాత్రం గాలి ఆడే సందు వదలండి. నాలుగు రోజులు అలాగే ఉంచండి. గాలి పంపు, ఫిల్టర్ ఆడుతూనే ఉండాలి, చచ్చే నాచు ఆక్సిజన్ లాగేస్తుంది. మేత వేయవద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గోల్డ్‌ఫిష్‌కు నాలుగు రోజుల పస్తు ఏమీ కాదు, బుల్లి పిల్లలైతే మాత్రం ఈ పద్ధతి వద్దు. మధ్యలో దుప్పటి ఎత్తి చూడాలనిపిస్తుంది. చేపల కోసం చూడాల్సి వస్తే రాత్రి, గది దీపం ఆర్పి, ఒక మూల నుంచి చూడండి.

దుప్పటి తీసేసరికి మా తొట్టెలో నీళ్లు బూడిద రంగులో మసకగా ఉన్నాయి. అది చచ్చిన నాచు. అలాగే వదిలేస్తే కుళ్లి మళ్లీ అమ్మోనియా అవుతుంది కనుక అదే రోజు పావు వంతు, రెండు రోజులాగి ఇంకో పావు వంతు మార్చాలి. ఫిల్టర్ స్పాంజిని పంపు కింద కడగవద్దు. తీసిన తొట్టె నీళ్లలోనే పిండండి, లేకపోతే అమ్మోనియాను విరిచే మంచి బ్యాక్టీరియా క్లోరిన్‌కు బలవుతుంది.

ఇక్కడితో ఆపేస్తే కొన్ని వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది. తొట్టెను కిటికీ నుంచి జరపండి, కుదరకపోతే కిటికీ వైపు అద్దానికి నల్ల కాగితం అంటించండి. లైటు రోజుకు ఆరేడు గంటలు చాలు. రెండు నిమిషాల్లో తినేసేంత మేత మాత్రమే వేయండి. పిల్లలు, పెద్దవాళ్లు ఎవరికి వారు చిటికెడు చిటికెడు వేసే ఇళ్లలో ఈ బాధ్యత ఒకరికే అప్పగించాలి. ఇంట్లో మనీ ప్లాంట్ ఉంటే రెండు మూడు తీగలు కోసి, ఆకులు పైన, వేళ్లు నీటిలో ఉండేలా తొట్టె అంచుకు తగిలించండి. వేళ్లు నైట్రేట్‌ను పీల్చుకుంటాయి. నాకు ఇంతకంటే చవకైన ఉపాయం దొరకలేదు. పైగా నాలుగు గోల్డ్‌ఫిష్‌లకు యాభై లీటర్ల తొట్టె ఇరుకు. పెద్దది కొనే వీలుంటే ఆలోచించండి.

తొట్టెను జరపలేని ఇళ్లలో యువి (అతినీలలోహిత కిరణాల) దీపం బాగా పని చేస్తుంది. నీటిలో తేలే నాచును చంపుతుంది గానీ ఎరువును తగ్గించదు, అద్దానికి పట్టిన పాచిని ఏమీ చేయదు. వెలుగుతున్న దీపాన్ని నేరుగా చూడకూడదు. రాగి కలిసిన నాచు మందుల జోలికి వెళ్లకండి, నత్తలు, రొయ్యలు చస్తాయి.

సక్కర్ ఫిష్ వేస్తే నాచు తినేస్తుందా అని కూడా అడిగారు. అది అద్దానికి, రాళ్లకు పట్టిన పాచిని గీకుతుంది గానీ నీటిలో తేలే నాచును తినలేదు. అడుగు దాటి పెరిగి, తన మలంతో మీ సమస్యను ఇంకా పెంచుతుంది. ఇప్పటికే కొని ఉంటే దుకాణానికి తిరిగి ఇచ్చేయండి, పెంచలేక చెరువులోనో కాలువలోనో మాత్రం వదలకండి. అలా వదిలినవే డెవిల్ ఫిష్ అన్న పేరుతో మన చెరువుల్లో పెరిగిపోయి, జాలర్ల వలలు చింపుతున్నాయి.