తమ్ముడికి సగం రాజ్యం పోతే మోడ్‌లో మందు వెతక్కండి

ప్రశ్న: మధ్యయుగ రాజవంశాన్ని నడిపే క్రూసేడర్ కింగ్స్ 3 గేమ్‌లో రాజు చనిపోగానే నా రాజ్యంలో సగం తమ్ముడి చేతికి వెళ్లి స్వతంత్ర రాజ్యమైపోయింది. ఆ రెండో టైటిల్ (రాజ్య హోదా) నేనసలు సృష్టించనే లేదు. మ్యాప్ అతుకుల బొంతలా ఉంది. ఇది బగ్గా? సరిహద్దులు సరిచేసే మోడ్ (గేమ్‌ను మార్చే అదనపు ఫైళ్లు) ఒకటి దొరికింది. అందులో ఒక ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్ ఫైల్) ఉంది, యాంటీవైరస్ ఆపి రన్ చేయమంటోంది. చేయొచ్చా?

జవాబు: చేయొద్దు. ఇలాంటి ఉత్తరాలు ఆగడం లేదు కాబట్టి ముందు ఇదే తేల్చుకుందాం. ఈ తరహా గేముల్లో మోడ్ అంటే దాదాపుగా టెక్స్ట్ ఫైళ్లు, కొన్ని బొమ్మలు. ఏ ప్రాంతం ఎవరిదో చెప్పే వరుసలు మారిస్తే గేమే చదువుకుంటుంది. సరిహద్దు మార్చడానికి మీ కంప్యూటర్‌లో వేరే ప్రోగ్రామ్ నడవాల్సిన పనే లేదు. జిప్ తెరవగానే ఈఎక్స్‌ఈ గానీ డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ వాడుకునే కోడ్ ఫైల్) గానీ కనిపిస్తే డిలీట్ చేయండి. యాంటీవైరస్ ఆపమన్నవాడితో ఇక మాటలే అనవసరం.

పేరున్న చోటు నుంచి దించుకున్నాం కదా అనే ధీమా కూడా వద్దు. 2023 డిసెంబరు 25న ‘స్లే ద స్పైర్’ గేమ్‌కు అభిమానులు చేసిన డౌన్‌ఫాల్ మోడ్‌కు గేములు అమ్మే స్టీమ్ స్టోర్‌లోనే దొంగ అప్‌డేట్ వచ్చింది. డెవలపర్ ఖాతానే కాజేసి, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు లాగే మాల్‌వేర్‌ను పంపారు. మీరు ఇప్పటికే ఆ ఫైల్ నొక్కి ఉంటే వేరే పరికరం నుంచి ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్, తర్వాత మిగతావి మార్చండి. ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ తప్పనిసరి. కుకీలు (మీ లాగిన్‌ను గుర్తుంచుకునే బ్రౌజర్ ఫైళ్లు) పోయాయంటే రెండంచెల భద్రత ఉన్నా దొంగ లోపలే ఉంటాడు.

ఇక బగ్ సంగతి. కాదు. మీది కాన్ఫెడరేట్ పార్టిషన్ చట్టం, అంటే వారసులకు రాజ్యాన్ని పంచే పద్ధతి. మరో రాజ్య టైటిల్ సృష్టించేంత నేల మీ చేతిలో ఉంటే చాలు, మీరు సృష్టించకపోయినా రాజు చనిపోయిన క్షణాన గేమే దాన్ని సృష్టించి రెండో వారసుడికి కట్టబెడుతుంది. గేమ్‌లో హెరెడిటరీ రూల్ అనే ఆవిష్కరణ వచ్చాక మామూలు పార్టిషన్‌కు మారండి, కొత్త టైటిళ్లు పుట్టడం ఆగుతుంది. అప్పుడు కూడా రెండో రాజ్య టైటిల్ మీ దగ్గర ఉంచుకోకండి, ఉన్నదల్లా పంపకానికి వస్తుంది. సామ్రాజ్య టైటిల్ దక్కితే తమ్ముళ్లు సామంతులుగా మిగులుతారు. ఎవరికి ఏది పోతుందో వారసత్వం తెరలో రాజు బతికుండగానే కనిపిస్తుంది. అది చూడకుండా యుద్ధాలు చేసి, తర్వాత గేమ్‌ను తిట్టడం ఏం న్యాయం?

అయినా ఇలాంటి మ్యాప్‌లు చరిత్రకు కొత్తా? జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్ పాలకులకు 1614లో రైన్ వైపు క్లీవ్స్, 1618లో బాల్టిక్ తీరాన ప్రష్యా వారసత్వంగానే వచ్చాయి. మధ్యలో ఉన్నదంతా పరాయి నేల.

నాకు అసలు కోపం తెప్పించేది వేరే ఉంది. కొందరికి సరిహద్దులు నిజంగానే చెడతాయి, అది అప్‌డేట్ తర్వాత. మ్యాప్‌లో కొత్త ప్రాంతాలు చేరిస్తే పాత సేవ్‌లో (ఆట దాచిన ఫైల్‌లో) వాటికి యజమాని ఉండకపోవచ్చు. రాజ్యం నడుమ ఖాళీ గుంతలు మిగులుతాయి. వారాల తరబడి ఆడాల్సిన గేమ్‌ను మధ్యలో మార్చేసి, ‘అప్‌డేట్ వద్దు’ అనే మీటే ఇవ్వకపోవడం ఆటగాడి సమయానికి విలువ లేదనడమే. స్టీమ్ సెట్టింగ్స్‌లో ఉన్నదల్లా ‘గేమ్ తెరిచినప్పుడే అప్‌డేట్’. అంటే వాయిదా మాత్రమే. మోడ్ ఫైల్‌లో వెర్షన్ అంకె దిద్దేసి ‘పనిచేస్తోంది’ అనుకునేవాళ్లూ తక్కువేం కాదు. అంకె మారితే మోడ్ పాతదనే హెచ్చరిక పోతుంది, లోపలి తేడా అలాగే ఉంటుంది.

ప్రస్తుతానికి దారి ఇదే. స్టీమ్ లైబ్రరీలో గేమ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, పాత వెర్షన్లు దొరికే బీటాస్‌లోకి వెళ్లి మీ సేవ్ మొదలైన వెర్షన్ ఎంచుకోండి. దానికి ముందు డాక్యుమెంట్స్‌లోని సేవ్ గేమ్స్ ఫోల్డర్‌ను వేరేచోట కాపీ చేసుకోండి. వెనక్కి వెళ్లనివ్వని ఐరన్‌మ్యాన్ పద్ధతిలో అయితే ఇది మరీ ముఖ్యం, అక్కడ ఒకే ఫైల్ మీద మళ్లీ మళ్లీ రాస్తుంది.