కొత్త ఎంపీవో కేబుల్ వేసినా 40జీ (సెకనుకు 40 గిగాబిట్ల) లింక్ రావట్లేదు, మాడ్యూల్ పోయిందా?

మాడ్యూల్‌ని ఆడిపోసుకోకండి. రెండువైపులా ఎస్ఆర్4 మాడ్యూళ్లు (స్విచ్‌లో గుచ్చే, సిగ్నల్‌ని కాంతిగా మార్చే ముక్కలు), మధ్యలో కొత్త ఎంపీవో కేబుల్ (ఒకే కనెక్టర్‌లో 12 ఫైబర్లు ఉండేది) అన్నారు కదా, నూటికి తొంభై పాళ్లు కేబుల్ టైపే తప్పు.

ఒంగోలులో ఒక ఆఫీసు సర్వర్ రూములో ఇదే తంతు. నడి ఎండాకాలం, ఏసీ మూలుగుతోంది. మేనేజరు గుమ్మంలో నిలబడి "ఏం అబ్బయా, ఇంకా రాలా?" అని ఒకటే టెన్షన్. నేను పోయేసరికి వాళ్లు మాడ్యూళ్లు అటువి ఇటు మార్చేశారు, స్విచ్‌లు రీస్టార్ట్ చేశారు, కొత్త మాడ్యూళ్లకి ఆర్డర్ పెట్టబోతున్నారు. ఒక కుర్రాడైతే వెలుతురు వస్తోందా అని కనెక్టర్‌ని కంటి దగ్గర పెట్టుకున్నాడు! చేతిలోంచి లాక్కున్నా. అది 850 నానోమీటర్ల కాంతి, కంటికి కనపడదు. ఫైబర్‌లోకి తొంగిచూసే అలవాటు ఎవరు నేర్పుతున్నారో గానీ ముందు అది మానండి.

కేబుల్ మీద చీటీ చదివితే టైప్ ఏ అని ఉంది. ఎస్ఆర్4లో 12 ఫైబర్లకి పనిచేసేవి 8 మాత్రమే. ఒక పక్క 4 పంపడానికి, ఇంకో పక్క 4 అందుకోడానికి, మధ్యలో 4 ఖాళీ. టైప్ ఏలో 1వ ఫైబర్ అవతల కూడా 1కే పోతుంది, అంటే పంపే వైపు పంపే వైపుకే తగులుతుంది. ఇద్దరూ మాట్లాడేవాళ్లే, వినేవాడు లేడు. టైప్ బీలో 1 పోయి 12లో, అంటే అవతల అందుకునే వైపు తేలుతుంది. చెన్నై నుంచి రాత్రి బస్సులో బీ కేబుల్ తెప్పించి పెట్టగానే లింక్ వచ్చేసింది.

కొనేవాళ్లు పొడవెంత, రేటెంత అని తప్ప ఇంకేం అడగరు. టైప్ అడగరు, పిన్నుల సంగతి అసలే అడగరు. మాడ్యూల్‌లో ఫైబర్లు సూటిగా ఆనేలా పట్టుకునే పిన్నులుంటాయి కాబట్టి కేబుల్‌కి ఉండకూడదు. పైగా "ఎంటీపీ కొంటే అన్నీ సర్దుకుంటాయి" అంటారు. ఎంటీపీ అంటే యూఎస్ కోనెక్ బ్రాండు ఎంపీవోనే. మంచి సరుకే, కానీ అందులోనూ ఏ, బీ ఉంటాయి.

ఇక దుమ్ము. చీమకుర్తి గ్రానైట్ దుమ్ము మధ్య బతికే మనం కనెక్టర్‌ని చొక్కా అంచుతో తుడిచి, నోటితో ఊది పెడతాం. ఫైబర్‌లో కాంతి పోయే కోర్ 50 మైక్రాన్లే. ఒక్క నలుసు పడితే పక్క ఫైబర్లు కూడా సరిగ్గా ఆనవు. ఎంపీవో క్లీనర్ ఒకటి కొనిపెట్టుకోండి.

ముందు చీటీ చూడండి. బీ అనే ఉంటే రెండు కొసలూ, మాడ్యూల్ లోపలా క్లీనర్ కొట్టండి. అప్పటికీ రాకపోతే మాడ్యూల్ సంగతి మాట్లాడుకుందాం.