జిల్లేడు చుట్టం మీ పెరట్లో

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటామండి. మోనార్క్ సీతాకోకచిలుకల కోసమని వాటి గొంగళిపురుగులు తినే మిల్క్‌వీడ్ మొక్క నర్సరీలో కొని పెట్టా, చారల గొంగళిపురుగులు వచ్చాయి కానీ రెండ్రోజుల్లో అన్నీ కింద రాలి చచ్చిపోయాయి. మా కాలనీ వాళ్ళం కలిసి ఏమైనా చేయొచ్చా?

జవాబు: ఎక్కువగా అనుమానించాల్సింది మొక్కనే అండి, నర్సరీల్లో కొట్టిన మందు ఆకుల్లోకి, పూల తేనెలోకి కూడా దిగిపోతుంది, అందుకే ఈసారి కొనేటప్పుడు మందు కొట్టారా అని అడిగే కొనండి. మిల్క్‌వీడ్ మన జిల్లేడుకి చుట్టమే, తుంచితే అవే పాలు, మన ఊళ్ళో జిల్లేడు మీద గుడ్లు పెట్టే నారింజరంగు సీతాకోకచిలుక కూడా మోనార్క్‌కి కజినే. ఎర్ర పసుపు పూల ట్రోపికల్ రకం మాత్రం వద్దు, చలికాలంలో కూడా పచ్చగా ఉండిపోతే దాని మీద మోనార్క్‌లకి జబ్బు తెచ్చే ఓఈ అనే పరాన్నజీవి పేరుకుంటుంది. ఉంటే అక్టోబర్‌లో మొదలుకంటా కోసేయండి. టెక్సస్ సొంత రకం యాంటిలోప్‌హార్న్స్ పెట్టుకోండి.

అక్టోబర్‌లో ఇవి మీ మీదుగానే మెక్సికో వెళ్తాయి కదా, అప్పుడు వాటికి కావాల్సింది తేనె, ఫ్రాస్ట్‌వీడ్ లాంటి పూలమొక్కలు నాలుగిళ్ళ వాళ్ళు వేసినా చాలు. దోమల మందు పిచికారీ తగ్గించమని హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) మీటింగ్‌లో గట్టిగా అడగండి, ఒక్కరే అడిగితే వినరు. మోనార్క్‌లకి ఊళ్ళో చోటు కల్పిస్తామని మేయర్లు చేసే మోనార్క్ ప్రతిజ్ఞ 2015 నుంచీ ఉంది, మీ సిటీ చేసిందేమో కనుక్కోండి. ఇంకోటి, అక్కడి సొంత తేనెటీగల్లో చాలా రకాలు మట్టిలోనే గూడు పెడతాయి, లాన్ మూల కాస్త ఖాళీ మట్టి వదిలేయండి.