పెరుగు ప్యాకెట్ దగ్గర మిగిల్చింది కార్డు దాకా చేరుతోందా?

ప్రశ్న: మేడం, మాది కూకట్‌పల్లి. నా జీతం 46,000. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, ఆమెకి 16,000. పిల్లలిద్దరు. క్రెడిట్ కార్డు మీద 1,40,000 ఉంది, నెలనెలా మినిమమ్ 7,000 కడుతున్నా తగ్గట్లేదు. పర్సనల్ లోను 2,40,000 మిగిలింది, 15 శాతం వడ్డీ, ఈఎంఐ 8,320, ఇంకా 36 నెలలు. ఊళ్ళో తెలిసినాయన దగ్గర రెండు రూపాయల మిత్తికి లక్ష తెచ్చాను, రెండేళ్ళుగా మిత్తే కడుతున్నాను. లక్ష రూపాయల చిట్టీ, 20 నెలలది, నెలకి 5,000. ఎనిమిది నెలలు కట్టాం, ఇంకా ఎత్తలేదు. ఒక పెద్ద లోను తీసుకొని అన్నీ ఒకేసారి కట్టేద్దామని నేనంటున్నాను. మా ఆవిడేమో ఖర్చులు తగ్గించుకొని తీరుద్దాం అంటుంది. ఇంట్లో పెరుగు తోడేసుకుని, ఆటో మానేసి బస్సెక్కితే నాలుగు లక్షల ఎనభై వేల అప్పు తీరుతుందా? మీరే చెప్పండి.

జవాబు: మీ ఇద్దరిలో ఎవరు రైటు అన్నదే కదా మీ ప్రశ్న. మీ ఆవిడే రైటు. కాకపోతే ఆమె ప్లానులో కూడా ఒక ముక్క తక్కువైంది, దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు కార్డు ఎందుకు తగ్గట్లేదో చూద్దాం, ఎందుకంటే మీ ఉత్తరం మొత్తంలో అసలు ప్రశ్న అదే, మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు గానీ.

మీ కార్డు వడ్డీ నెలకి మూడున్నర శాతం అనుకుందాం (స్టేట్‌మెంట్ చివరి పేజీలో సన్న అక్షరాల్లో ఉంటుంది, ఒకసారి చూసుకోండి, కొన్ని కార్డులకి ఇంకాస్త ఎక్కువే). 1,40,000 మీద నెలకి 4,900. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అదొక 882. మొత్తం 5,782. మీరు కట్టే 7,000లో అసలుకి పోయేది 1,218 రూపాయలు. ఇప్పుడు మీరు పంపిన ఖర్చుల చిట్టా తీయండి. అద్దె 14,000, కార్డుకి 7,000, ఈఎంఐ 8,320, మిత్తి 2,000, చిట్టీ 5,000, స్కూలు ఫీజులు 6,000, కిరాణా పాలు కూరగాయలు 13,000, పెట్రోలూ ఆటోలూ 3,500, కరెంటు ఫోన్లు 2,500, ఊళ్ళో అమ్మానాన్నలకి 3,000. కూడితే 64,320. ఇంటికొచ్చేది 62,000. ఆ 2,320 తేడా ఎక్కడి నుంచి వస్తోందని ఎప్పుడైనా అనుకున్నారా? మళ్ళీ ఆ కార్డు మీదే గీకుతున్నారు. అంటే నెలకి 1,218 తీర్చి 2,320 కొత్తగా చేస్తున్నారు, బాకీ నెలనెలా 1,100 పెరుగుతోంది. పైగా పాత బాకీ ఉన్న కార్డు మీద కొత్తగా ఏం కొన్నా, ఆ నలభై యాభై రోజుల వడ్డీలేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. మీరు ఆదివారం తెచ్చే చికెన్‌కి కూడా ఏడాదికి 42 శాతం వడ్డీ పడుతోంది, జీఎస్టీ కాకుండా.

ఇక్కడే మీ పెద్ద లోను ఆలోచన నాకు నచ్చలేదు. వడ్డీ లెక్క ప్రకారం అది మరీ తప్పేం కాదు, 42 కంటే 15 తక్కువే. కానీ ఇలా అన్నీ కలిపి ఒక లోను చేసుకున్నవాళ్ళు ఏడాదిన్నరలో మళ్ళీ నా దగ్గరికి వస్తారు, ఈసారి కొత్త లోనూ ఉంటుంది, కార్డూ నిండి ఉంటుంది. ఎందుకంటే నెలకి 2,320 తక్కువ పడటం అలాగే ఉంది కదా, దాన్నెవరూ ముట్టుకోలేదు. ఖాళీ అయిన కార్డు దాన్ని మోస్తుంది, మళ్ళీ నిండేదాకా.

నేనైతే ఇంట్లో బంగారం వైపు చూస్తాను. మీ ఆవిడకి పుట్టింటివాళ్ళు పెట్టిన నాలుగు తులాలు ఉన్నాయని రాస్తూనే, తాకట్టు అంటే పరువు తక్కువ అని కూడా రాశారు. మీరు ఊళ్ళో ఆయనకి ప్రామిసరీ నోటు రాసిచ్చి రెండేళ్ళుగా మిత్తి కట్టడం కంటే బ్యాంకులో గాజులు పెట్టడం ఏ రకంగా పరువు తక్కువో నాకు అర్థం కాలేదు, ఆ సంగతి వదిలేద్దాం. బంగారం ఆమెది. అడగాల్సింది ఆమెని, ఒప్పుకుంటే లోను ఆమె పేరు మీదే తీసుకోండి, రసీదు ఆమె దగ్గరే ఉండాలి. ప్రభుత్వ బ్యాంకుల్లో గోల్డ్ లోను వడ్డీ 9–10 శాతం చుట్టూ ఉంటుంది. ఇప్పటి ధరకి రెండు తులాలు పెడితే మీకు కావలసిన 1,40,000 వచ్చేస్తుంది. రాళ్ళున్న హారం తీసుకెళ్ళకండి, రాళ్ళ బరువు తీసేసి లెక్క కడతారు, గాజులో సాదా గొలుసో అయితే మంచిది. తొమ్మిదిన్నర శాతం వేసుకున్నా నెల వడ్డీ 1,108. ఆ డబ్బుతో కార్డు బాకీ మొత్తం కట్టేస్తే, నెలనెలా కార్డుకి కడుతున్న 7,000 ఆగిపోతుంది, 5,892 చేతిలో మిగులుతుంది, అందులోంచి మీ 2,320 లోటు పూడితే ఇంకా 3,572 ఉంటుంది. ఇంతవరకూ పెరుగు ప్యాకెట్ జోలికి పోనేలేదు.

ఇప్పుడు మీ ఆవిడ లిస్టు. నాకు బాగా నచ్చింది, ఊరికే 'ఖర్చులు తగ్గించాలి' అనకుండా వస్తువుల పేర్లు రాసింది కాబట్టి. స్కూలుకి షేరింగ్ ఆటోల్లో రోజుకి 60, నెలకి 24 రోజులు, 1,440. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు, తెలంగాణ అడ్రసున్న ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్ ఇస్తాడు. ఆమె స్కూలు బస్సు రూటులోనే ఉందన్నారు, పొద్దున పావుగంట ముందు బయల్దేరాలి, అంతే. మీరు తీసిపారేసిన 'బస్సెక్కడం' విలువ ఏడాదికి 17,280.

ఇక దోసెల పిండి. కిలో ప్యాకెట్టు 75 లెక్కన వారానికి మూడు తెస్తున్నారు. ఇంట్లో మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మినపగుళ్ళు, చెంచాడు మెంతులు నానబోసి రుబ్బితే రెండు కిలోలకి పైనే పిండి అవుతుంది, ఖర్చు ఒక్క ప్యాకెట్టు ధరకి అటూ ఇటూ. ఆదివారం సాయంత్రం ఆ గ్రైండరు మీరు తిప్పండి. ఉద్యోగం చేసి వచ్చిన మనిషి మీద పొదుపు పేరుతో ఇంకో గంట చాకిరీ వేస్తే ఆ పొదుపు మూడు వారాలకి మించి నిలబడదు, నేను చాలా ఇళ్ళల్లో చూశాను. పెరుగు అయితే పడుకునే ముందు తోడేయడమే కదా, దానికి వాదన కూడా అనవసరం.

పది నిమిషాల్లో సామాను తెచ్చే యాప్‌లు మాత్రం ఫోన్లోంచి తీసేయండి. కొత్తిమీర కట్ట కోసం తెరుస్తాం, డెలివరీ ఫ్రీ కావాలంటే ఇంకో 90 రూపాయలవి కొనమంటుంది, చిప్స్ ప్యాకెట్టూ కూల్‌డ్రింకూ చేరతాయి, హ్యాండ్లింగ్ ఛార్జీ వేరే. మీకు కూకట్‌పల్లి రైతుబజారు దగ్గరే, వారానికి ఒక్కసారి వెళ్ళండి, బోర్డు మీద రేటు రాసి ఉంటుంది, బేరమాడే పని లేదు. కాకపోతే రూపాయి తక్కువని ఎర్రగడ్డ దాకా బండేసుకుని పోకండి, పెట్రోలు ఎవరిస్తారు? ఇవన్నీ కలిపి 13,000 వంటింటి ఖర్చు 11,000కి రావడం కష్టం కాదు. మీ ఆఫీసు కింద టీలూ సమోసాల్లో ఇంకో 500. బస్సుతో మిగిలే 1,440 కూడా కలిపితే మొత్తం 3,940. పిల్లల పాలు తగ్గించొద్దు. అమ్మానాన్నలకి పంపే 3,000 తగ్గించొద్దు, కావాలంటే నాన్నగారి బీపీ, షుగరు మాత్రలు డాక్టరుని అడిగి, మందులు చౌకగా అమ్మే జన్ ఔషధి షాపులో తీసుకోండి.

బంగారం లోను తీసుకున్నాక మిగిలే 3,572 ఒక్కటే కడుతూ పోతే, వడ్డీతో కలిపి నెలకి 4,680, గాజులు ఇంటికి రావడానికి 34 నెలలు పడుతుంది. దానికి మీ ఆవిడ 3,940 కలిపితే 18 నెలల్లోపే. ఇందులో పదహారు నెలలు తగ్గించింది బస్సూ, గ్రైండరూ, తోడుపెట్టిన పెరుగే.

అయితే ఆ ప్లానులో తక్కువైన ముక్క ఏంటంటే, మిగిల్చిన డబ్బు అదే రోజు అప్పుకి పోవాలి. నెలాఖరుకి ఎంత మిగిలితే అంత కడదాం అనుకుంటే ఏమీ మిగలదు. పెళ్ళైన కొత్తలో మావారి వ్యాపారం దెబ్బతిని 90,000 అప్పున్నప్పుడు నేను మూడు నెలలు అన్నీ మానేశాను, బాక్సు కట్టుకెళ్ళాను, రెండు స్టాపులు నడిచాను, పుస్తకంలో రాసుకున్నాను కూడా. పుస్తకం ప్రకారం 4,200 మిగిలాయి. అప్పు మాత్రం పైసా తగ్గలేదు. జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్‌కి, అదే నుమాయిష్‌కి వెళ్ళాం, 'ఎలాగూ పొదుపు చేస్తున్నాం కదా' అని రెండు దుప్పట్లు, పిల్లకి స్వెట్టరు, మిర్చి బజ్జీలు, జెయింట్ వీలు... పుస్తకం ఇంట్లో ఉంది, డబ్బు నుమాయిష్‌లో ఉంది. ఆ తర్వాత నుంచి బస్సు దిగగానే, ఆటోకి పెట్టని ఆ చిల్లర ఇంట్లో బోర్న్‌విటా సీసాలో వేసేదాన్ని, శనివారం సీసా బోర్లించి అప్పిచ్చినాయనకి ఇచ్చొచ్చేదాన్ని. ఆయన నవ్వేవాడు, '310 రూపాయలకి రసీదు రాయాలా అమ్మా' అని. రాయమనేదాన్ని.

మీకు ఆ బాధ లేదు, ఫోన్లో అవుతుంది. గోల్డ్ లోను సంతకం పెట్టేముందే అడగండి, మధ్యలో ఎప్పుడైనా ఎంతైనా కట్టుకోవచ్చా అని. ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతి అంటగట్టబోతారు, అప్పుడు జనం వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటూ పోతారు, గాజులు అక్కడే ఉంటాయి. చిన్న మొత్తాలు కట్టించుకోం అని బ్యాంకువాళ్ళంటే, ఏటీఎం కార్డూ యూపీఐ లేని ఒక సేవింగ్స్ ఖాతా పెట్టుకొని అందులో వేసి నెలకోసారి లోనులో కట్టండి.

చిట్టీ సంగతి. చివరిదాకా ఆగితే, చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ 5 శాతం పోను 95,000 చేతికొస్తుంది (చట్టం ప్రకారం 7 దాకా తీసుకోవచ్చు, మీ ఒప్పందం చూసుకోండి). ఇప్పుడే 15,000 తగ్గించి పాడితే 85,000. పది వేలు నష్టమా? ఆ 85,000 ఊళ్ళో ఆయనకి కట్టేస్తే మిత్తి నెలకి 1,700 తగ్గుతుంది, మిగిలిన పన్నెండు నెలలకి 20,400. కాబట్టి 15,000 దాకా ధైర్యంగా పాడండి, 25,000 దాకా పోతే ఆగి వచ్చే నెల చూడండి. పాట వచ్చాక జామీను అడుగుతారు, ఎవరిని పెట్టుకోవాలో ముందే మాట్లాడుకోండి. ఊళ్ళో మిగిలిన 15,000ని మొదటి రెండు నెలల మిగులుతో తీర్చి, నోటు వెనక్కి తీసుకొని చించేయండి, 'తర్వాత ఇస్తాలే' అంటే ఒప్పుకోకండి. ఇలా అయితే గాజులు 15 నెలల్లో ఇంటికొస్తాయి, ఎందుకంటే ఏడాది తర్వాత చిట్టీ 5,000 కూడా కలుస్తుంది. పర్సనల్ లోనుకి అప్పటిదాకా ఈఎంఐ తప్ప అదనంగా ఏం కట్టొద్దు, అప్పటికి అసలు 1,53,000 దాకా ఉంటుంది, ముందే కట్టేస్తే ఛార్జీ ఎంతో కనుక్కొని అప్పుడు చూద్దాం.

రెండు జాగ్రత్తలు. బంగారం మీద 1,50,000 తీసుకోండి, ఆ పైన పదివేలు జ్వరాలకీ బండి రిపేరుకీ పక్కన పెట్టండి, లేకపోతే మొదటి హాస్పిటల్ బిల్లు మళ్ళీ కార్డు మీదికే పోతుంది. దానికి వడ్డీ నెలకి 80 రూపాయలు, పర్లేదు. జూన్‌లో పుస్తకాలూ యూనిఫాంలూ, దసరా బట్టలూ, ఊళ్ళో పెళ్ళిళ్ళ చదివింపులూ మీ చిట్టాలో ఎక్కడా లేవు, అవి వచ్చిన నెలల్లో లోనుకి తక్కువ కడతారు, పదిహేను కాస్తా పదిహేడు నెలలవుతుంది, గాభరా పడకండి.

ఇక కార్డు. మొత్తం కట్టేశాక కూడా వచ్చే స్టేట్‌మెంట్‌లో కొంచెం వడ్డీ వస్తుంది, స్టేట్‌మెంట్ తేదీ నుంచి మీరు కట్టిన రోజు దాకా ఉన్నది. మోసమని గొడవపడకండి, అది కూడా కట్టి, కార్డు క్లోజ్ చేయమని మెయిల్ పెట్టండి. బాకీ ఏమీ లేకపోతే ఏడు పనిదినాల్లో క్లోజ్ చేయాలి, లేదంటే రోజుకి 500 చొప్పున మీకే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు రూలు. క్రెడిట్ స్కోరు పడిపోతుంది, కార్డు ఉంచుకోండి అని చెప్పేవాళ్ళుంటారు. వచ్చే రెండేళ్ళు మీరు కొత్త లోను తీసుకోవడం లేదు కదా, స్కోరుతో ఏం పని?

సోమవారం బ్యాంకుకి ఇద్దరూ కలిసి వెళ్ళండి, ఆధార్, పాన్, రెండు ఫొటోలు తీసుకెళ్ళండి. తూకం వేసిన కాగితం మీద గ్రాములు చూసుకున్నాకే సంతకం. నెల తర్వాత ఖర్చుల పుస్తకం పేజీ ఫొటో తీసి పంపండి, మీ ఆవిడ రాసిన పేజీ, మీరు రాసిన పేజీ, రెండూ.