రాడ్డులోని తెల్లపొడి, మాత్రలోని తెల్లపొడి

ప్రశ్న: మా ఇంట్లో నీళ్ళు కాచుకునే కరెంటు రాడ్డు పగిలింది. మా అబ్బాయి దాన్ని విరిచి చూస్తే లోపలి తీగ చుట్టూ తెల్లటి పొడి గట్టిగా కూరి ఉంది. అది మెగ్నీషియం ఆక్సైడ్ అని వాడి సైన్సు మాస్టారు చెప్పారట. మా అత్తగారికి మలబద్ధకానికి డాక్టరు రాసిన మాత్రల అట్టమీదా అదే పేరుంది. కరెంటు సామానులో వేసే పొడిని మనుషులు మింగడమేమిటి? పగిలిన రాడ్డును అతికించి వాడుకోవచ్చునా?
– ఒక గృహిణి, కావలి

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్పడం క్షేమం. వాడకూడదు, అతికించకూడదు. రాడ్డు నడిమధ్యన ఉండే నిక్రోమ్ తీగలో కరెంటు ప్రవహిస్తుంది. పైనున్న లోహపు గొట్టం నీళ్ళలో మునిగి ఉంటుంది. ఈ రెండింటినీ ఒకదానికొకటి తగలకుండా ఉంచేది మీరు చూసిన ఆ పొడే. కరెంటును ఆపుతూనే వేడిని మాత్రం చక్కగా బయటికి పంపడం, తీగ ఎర్రగా కాలినా తాను కరగకపోవడం ఈ పదార్థానికున్న అరుదైన గుణాలు. ఇది కరగాలంటే సుమారు 2,850 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఇస్త్రీపెట్టెలోను, గీజరులోను ఉండే గొట్టపు కాయిళ్ళలో ఉండేదీ ఇదే. అయితే గొట్టానికి వెంట్రుకంత పగులు వచ్చినా పొడి తేమను పీల్చుకుంటుంది, తేమ తగిలిన పొడి కరెంటును పూర్తిగా ఆపలేదు. మన జిల్లాల్లో చాలా బోర్ల నీళ్ళు ఉప్పదనం, కాఠిన్యం ఉన్నవి కనుక రాడ్డు మీద తెల్లటి పొర పేరుకుంటుంది. ఆ పొర వేడిని నీళ్ళలోకి పోనివ్వక గొట్టం మితిమీరి కాలి పగులుతుంది. ప్లగ్గు తీసేసి, రాడ్డు చల్లారాక, అప్పుడప్పుడు నిమ్మరసంతో తుడిచి కడిగితే ఆ పొర వదులుతుంది.

ఇక మాత్ర సంగతి. మెగ్నీషియం ఆక్సైడ్ క్షారగుణం కలది, అంటే సున్నం జాతిది. కానీ కాల్చిన సున్నపురాయి మీద నీళ్ళు పోస్తే కుతకుతలాడి చెయ్యి కాల్చేటంత వేడి పుడుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్ మాత్రం నీళ్ళలో అతి కొద్దిగా మాత్రమే కరిగి, నెమ్మదిగా మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. పాతకాలం ఇళ్ళలో సీసాల్లో కనిపించిన తెల్లటి మిల్క్ ఆఫ్ మెగ్నీషియా మందు ఆ హైడ్రాక్సైడే. ఈ నిదానమే దీన్ని కడుపుకు పనికివచ్చేలా చేసింది. జఠరరసంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఇది కలిసినప్పుడు మెగ్నీషియం క్లోరైడు, నీరు ఏర్పడతాయి, వాయువేమీ పుట్టదు. వంటసోడా తాగితే త్రేన్పులు వచ్చేది ఆమ్లంతో కలిసి బొగ్గుపులుసు వాయువు పుట్టడం వల్ల. బరువు లెక్కన చూసినా ఒక గ్రాము మెగ్నీషియం ఆక్సైడ్ సుమారు 1.8 గ్రాముల ఆమ్లాన్ని విరిచేస్తుంది, వంటసోడా 0.43 గ్రాములనే. పేగుల్లోకి చేరిన మెగ్నీషియంలో చాలా భాగం రక్తంలోకి పోకుండా అక్కడే నీటిని పట్టి ఉంచడం చేత విరేచనం సులువవుతుంది. 400 మిల్లీగ్రాముల మాత్రలో మెగ్నీషియం 241 మిల్లీగ్రాములే, మిగిలినది ఆక్సిజన్.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారి ఒంట్లో మెగ్నీషియం పేరుకుపోయే ప్రమాదం ఉంది కనుక అటువంటివారు డాక్టరు చెప్పనిదే దీన్ని ముట్టకూడదు. ఐరన్ మాత్రలు, థైరాయిడ్ మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్‌లు దీనితోపాటు వేసుకుంటే ఒంటికి సరిగా పట్టవు. ఎంత ఎడమివ్వాలో మందు రాసినవారినే అడగండి. రాడ్డులోని పొడి పేరు ఒకటే అయినా మందుకు కావలసిన శుద్ధి దానికి ఉండదు, దాన్ని పారవేయండి.

మీ అబ్బాయికి సరదా ఉంటే, మందుల దుకాణంలో కొన్న మాత్రను చిటికెడు పొడి చేసి, తడిపిన పసుపు మీద చల్లి చూడమనండి. దిష్టి తీసే ఎర్రనీళ్ళలో సున్నం చేసే పనే ఇదీ చేస్తుంది, కాకపోతే రంగు అంత గాఢంగా రాదు.

ప్రశ్న: ఇస్కపల్లి వైపు నుంచి తెచ్చుకున్న కల్లుప్పు వానాకాలంలో నీరు కారుతుంది. దానికీ మెగ్నీషియానికీ సంబంధముందంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, అల్లూరు

జవాబు: నిజమే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 1.3 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. కొటార్లలో ఉప్పు గడ్డకట్టాక మడిలో మిగిలే చేదునీటిలో మెగ్నీషియం క్లోరైడు అధికం. ఆ నీరు పూర్తిగా వడకట్టని ఉప్పు గాలిలోని తేమను లాగి చెమరుస్తుంది, నాలుకకు కొంచెం చేదు తగులుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్ తయారీకి ఒక దారి ఇక్కడే మొదలవుతుంది: సముద్రపు నీటిలోగాని ఆ చేదునీటిలోగాని సున్నం కలిపితే హైడ్రాక్సైడ్ తెల్లగా అడుగుకు దిగుతుంది, దాన్ని గట్టిగా కాలిస్తే నీరు పోయి ఆక్సైడ్ మిగులుతుంది. తమిళనాడులోని సేలం దగ్గర దొరికే మాగ్నసైట్ రాయిని కాల్చి చేయడం మరో దారి.

అన్నట్టు, మీ వీధి పిండిమరలో తిరిగే ఎమరీ రాయిలో (ఎమరీ అంటే గట్టి రాపిడి రాయి) గింజలను కలిపి ఉంచేది చాలాచోట్ల ఈ ఆక్సైడ్, క్లోరైడుల సంయోగమే. కాల్చిన మాగ్నసైట్ పొడిని మెగ్నీషియం క్లోరైడు ద్రావణంతో కలిపితే రాయిలా బిగిసే సిమెంటు అవుతుంది; 1867లో ఫ్రాన్సు దేశస్థుడైన సోరెల్ కనిపెట్టిన ఆ సిమెంటే ఎమరీ గింజలను పట్టి ఉంచుతుంది. అది నీళ్ళలో నానితే బలం తగ్గుతుంది. తడి ధాన్యం తెచ్చినవారిని మర యజమాని తిప్పి పంపితే అది విసుగు కాదని గ్రహించాలి.

ప్రశ్న: మా నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కలిపితే పోతుందా?
– ఒక రైతు, కనిగిరి ప్రాంతం

జవాబు: ఫ్లోరైడును పట్టుకునే గుణం దీనికి ఉన్న మాట వాస్తవమే. కానీ ఆ పొడి కలిపిన నీటి పీహెచ్ (క్షారగుణాన్ని చూపే కొలత) 10 దాటిపోతుంది. తాగాలంటే దాన్ని మళ్ళీ సరిచేయాలి, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపుకు దిగిందో లేదో పరీక్షించి చూడాలి. అంతటి పని బిందె దగ్గర కూర్చుని చెంచాతో చేసేది కాదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. తాగడానికీ వంటకూ పరీక్షించిన వేరే నీటిని తెచ్చుకొని, బోరు నీళ్ళను స్నానానికి, బట్టలకు వాడుకోండి.